అమెజాన్ అడవిలో సిస్టర్ డొరొతీ

కతోలిక్ కన్యస్త్రీ అనగానే మనకు స్ఫురించునది బడి, ఆసుపత్రి, అనాథ శరణాలయము. భూమి తగాదాల కాగితములు చేతబట్టి కచేరీల చుట్టును తిరుగు కన్యస్త్రీ స్ఫురించదు. బ్రెజిలు దేశమున దాదాపు నలుబది యేండ్లు గడిపి, అట్టి పనిలోనే ప్రాణములు కోల్పోయిన డొరొతీ స్టాంగ్ గురించి ఇచట చెప్పదలచినాము. ఆమె కథ తెలియవలెనన్న ముందు ఆ నేల కథ కొంత తెలియవలెను.

1964లో బ్రెజిలున సైన్యము అధికారమును చేజిక్కించుకొన్నది. 1970లో అమెజాన్ అడవిని చీల్చుచు ఒక మహామార్గమును వేయ మొదలిడినారు. ఈశాన్య ప్రాంతమున కరవుతో మాడుచున్న పేదలను ఆ బాట వెంట దింపి, మనుషులు లేని నేలను నేల లేని మనుషులకిత్తుమని చాటినారు. నినాదము చెవికింపుగనే యున్నది. కాని అది మనుషులు లేని నేల కాదు. ఆదివాసులు అనాదిగా అచట నున్నవారే. వచ్చిన పేదలకును ప్రభుత్వపు అండ చాలినంత దొరకలేదు. వారి వెనుకనే కలప వర్తకులు, పశువుల మందలు గల భూస్వాములు దిగినారు.

అడవిలో అధిక భాగము ప్రభుత్వపు భూమియే. పాత పత్రము చూపగలవానిదే పైచేయి. కనుక పాత పత్రములను సృష్టించు విద్య యొకటి బయలుదేరినది. క్రొత్తగా వ్రాసిన దొంగ పత్రమును కీచురాళ్ళతో కూడ ఒక పెట్టెలో పెట్టి మూయుదురు. పురుగులు అంచులను కొరికి, తమ మలముతో కాగితమును పసుపు బార్చును. కొంతకాలమునకు తీసి చూచిన, తాతలనాటి దస్తావేజు వలె నుండును! కీచురాయిని వారి భాషలో గ్రీలో అందురు. అందుండియే ఈ మోసమునకు గ్రిలాజెమ్ అను పేరు వచ్చినది. దొంగపట్టాల సంగతి మన పల్లెలలో తెలియని వారుండరు. పురుగులను పనిలో పెట్టుకొనుట మాత్రము మనకు క్రొత్తయే. పిదప ఆ పత్రమును రిజిస్టరు చేయించుట, తుపాకి గల కిరాయి మనుషులను పంపి రైతులను వెళ్ళగొట్టుట జరుగును.

డొరొతీ 1931లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని డేటన్ నగరమున జన్మించినది. 1948లో నోత్ర్‌దాం ద నమూర్ కన్యస్త్రీల సభలో చేరినది. పేద బాలికలకు చదువు చెప్పుటకై 1804లో ఫ్రాన్సున జూలీ బిల్యార్ అను ఆమె స్థాపించిన సభ యది. డొరొతీ కొంతకాలము ఉపాధ్యాయినిగా నుండి, 1966లో బ్రెజిలులోని మరన్యావ్ రాష్ట్రమునకు వెళ్ళినది. రెండేండ్లకు, 1968లో, లాటిన్ అమెరికా బిషప్పులు మెడెల్యిన్ నగరమున సమావేశమై, పేదల పక్షమున నిలుచుట సంఘపు విధియని ప్రకటించినారు. ఆ మాటను అక్షరాల పాటించిన వారిలో మఠములలోని స్త్రీలు ముందున్నారని మా అభిప్రాయము. పొలములు పోగొట్టుకొన్న రైతులు పడమటికి తరలగా ఆమెయు వారి వెంట నడచి, 1982 నాటికి అనపు ప్రాంతమునకు చేరినది. బ్రెజిలు పౌరసత్వమును గూడ స్వీకరించినది.

అచట ఆమె బడులు పెట్టించినది. అంతకు మించినది ఎస్పెరాన్సా, అనగా ఆశ, అను పేర రైతులతో కలిసి సాధించిన భూమి పథకము. ప్రభుత్వ భూసంస్కరణ శాఖ గుర్తించిన ఈ పథకమున ఒక్కొక్క కుటుంబము కొంత చెక్కను సాగు చేసికొనును; మొత్తములో అయిదింట నాలుగు వంతుల అడవి నిలిచియుండవలెను. భూమిని అమ్ముకొనుటకు వీలు లేదు. రైతును అడవికి శత్రువుగా గాక కాపరిగా నిలుపుట ఇందలి కిటుకు. అడవిని నరికి పచ్చిక బయళ్ళు చేయదలచిన వారికి ఇంతకన్న కంటగింపు వేరేమి గలదు? అక్రమముగ చెట్లు కొట్టుచున్న వారి పేర్లను ఆమె అధికారులకు వ్రాసి యిచ్చుచుండెడిది. ఫలితముగ బెదిరింపులు వచ్చినవి. రైతులకు ఆయుధములు అందించుచున్నదని ఆమెపైననే నేరము మోపినారు.

2005 ఫిబ్రవరి 12వ తేదీ ఉదయమున రైతుల సమావేశమునకు మట్టిబాటను నడచి పోవుచున్న ఆమెను ఇద్దరు అడ్డగించినారు. ఆయుధమున్నదా యని అడిగిరట. ఆమె సంచిలోని బైబిలును తీసి చూపి, కొన్ని వాక్యములు చదివినది. ఆరు గుండ్లు పేల్చినారు. అప్పటికి ఆమెకు 73 ఏండ్లు.

అయిదు దినములలో అధ్యక్షుడు లూలా ఆ రాష్ట్రమున దాదాపు 33 లక్షల హెక్టారుల అడవిని రక్షిత ప్రాంతముగా ప్రకటించినాడు. సైన్యమును గూడ పంపినాడు. కాల్చిన వారికి ఆ యేడాదియే శిక్ష పడినది. కాల్పించిన వారి సంగతి వేరు. ఒక భూస్వామికి 2007లో 30 ఏండ్ల శిక్ష, 2008లో విడుదల, 2010లో మరల శిక్ష, అది రద్దయి 2013లో మరల శిక్ష. 2008లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి పొందిన ఒక మనిషి హత్య విషయముననే న్యాయస్థానములు ఇంత ఊగిసలాడినచో, ఊరు పేరు లేని కూలివాని హత్యకు గతి యేమి? బ్రెజిలు బిషప్పులకు చెందిన భూమి సంఘము 1985 నుండి ఏటేట ఇట్టి హత్యల పట్టికను ప్రచురించుచున్నది.

అనపులో చెట్ల నడుమ ఆమె సమాధి యున్నది. దాని చెంత నాటిన ఎర్రని సిలువపై, 2015 తరువాత ఆ ప్రాంతమున భూమి తగాదాలలో హతులైన వారి పేర్లు వ్రాసియున్నవి.