ఫోన్ బ్యాటరీ ఉబ్బకముందే ఈ అలవాట్లు మార్చుకోండి

పోయిన వేసవిలో విజయవాడ వెళ్లినప్పుడు నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుంటే స్క్రీన్ ఒక పక్క కాస్త లేచి కనిపించింది. "కవర్ టైట్ అయిందిలేరా" అన్నారు. కవర్ తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బి వెనక ప్యానెల్‌ని బయటికి తోసేసింది. తెల్లవారుజామున అలారం వినపడాలని రోజూ ఫోన్‌ని దిండు పక్కనే ఛార్జింగ్‌లో పెట్టి పడుకునేవారట. పైగా "నేనెప్పుడూ జీరో అయ్యాకే ఛార్జింగ్ పెడతా, బ్యాటరీకి అదే మంచిది" అన్నారు. ఆ మాట మనలో చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. అందుకే ఈ ఆర్టికల్.

జీరో దాకా వాడాలా?

అక్కర్లేదు. ఆ సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలది. 1991లో సోనీ మార్కెట్‌లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలకి ఆ సమస్య లేదు. ఇప్పుడు మన ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌లు అన్నిట్లో ఉండేవి ఈ రకమే. వీటికి మధ్యలో ఉండటమే హాయి. సుమారు 20 నుంచి 80 శాతం మధ్య ఉంచితే చాలు. కొంచెం కొంచెంగా ఛార్జ్ చేస్తే సైకిల్స్ పెరిగిపోతాయనే భయం కూడా వద్దు. ఇవాళ 50 శాతం, రేపు 50 శాతం వాడితే రెండూ కలిపి ఒక్క సైకిలే.

రాత్రంతా ఛార్జింగ్ పెడితే?

100 శాతం అవగానే ఫోన్ తనంతట తానే ఛార్జింగ్ ఆపేస్తుంది. కాబట్టి ఓవర్‌ఛార్జ్ అవ్వదు. కానీ గంటల తరబడి ఫుల్‌గా ఉండటం బ్యాటరీకి భారమే. ఐఫోన్ 15 నుంచి వచ్చిన మోడల్స్‌లో 80 శాతం లిమిట్ ఆప్షన్ ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటిది ఉంటుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఒకసారి వెతికి ఆన్ చేయండి.

అసలు శత్రువు వేడి

వేడిలో లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి, గ్యాస్ పుడుతుంది. బ్యాటరీ ఉబ్బేది అందుకే. ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని యాపిల్ చెబుతోంది. మన దగ్గర మే నెలలో నీడలోనే 40 దాటుతుంది! అందుకే:

• ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్ వదలొద్దు.
• పరుపు మీద, దిండు కింద ఛార్జింగ్ వద్దు. వేడి బయటికి పోదు.
• ఛార్జింగ్‌లో ఉండగా గేమ్స్ ఆడొద్దు.
• ఫోన్ వేడెక్కితే కవర్ తీసి ఛార్జ్ చేయండి.

వాడని పాత ఫోన్ బీరువాలో పెట్టాలంటే సగం ఛార్జ్ చేసి, స్విచాఫ్ చేసి పెట్టండి. జీరోలో వదిలేస్తే తర్వాత అసలు ఛార్జింగే ఎక్కకపోవచ్చు.

ఉబ్బితే ఏం చేయాలి?

నొక్కడం, గుచ్చడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం లాంటివి అస్సలు చేయకండి. మంటలు రావొచ్చు. వెంటనే వాడటం ఆపేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు, వాళ్లకే ఇచ్చేయండి.

నాన్న ఫోన్‌కి కొత్త బ్యాటరీ వేయించాం. ఇప్పుడాయన పొద్దున స్నానం, కాఫీ అయ్యేలోపు టేబుల్ మీద ఛార్జింగ్ పెట్టుకుంటున్నారు. అలారం కోసం దిండు పక్కకి ఒక పాత టైంపీస్ చేరింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ కవర్ కూడా ఇవాళే ఒకసారి తీసి చూడండి.