గాలివాటాన్ని లెక్కలోంచి తీసేయడం ఎలా?

సంక్రాంతికి లాల్‌దర్వాజా, షాలిబండ మేడల మీద పతంగులు ఎగరేసినవాళ్లకి గాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఒకే గల్లీలో ఒక మేడ మీద పతంగి నిట్టనిలువునా లేస్తుంది. నాలుగిళ్ల అవతల ఎంత మాంజా వదిలినా గోడకు కొట్టుకుని పడుతుంది. చేతివాటంలో తేడా లేదు, అడ్డంగా ఉన్న నాలుగంతస్తుల ఇల్లు గాలిని విరగ్గొడుతోంది, అంతే. హుస్సేన్‌సాగర్ మీద జరిగే తెరచాప పడవల పందేలకూ ఇదే చిక్కు. ఒడ్డునున్న భవనాలను దాటుకుని వచ్చే గాలి నీళ్ల మీద ఒక్కతీరుగా పరుచుకోదు. పక్కపక్కనే పోతున్న రెండు పడవల్లో ఒకదాని తెరచాప నిండుగా పొంగుతుంది, రెండోదాని తెరచాప సోలిపోయి వేలాడుతుంది. అలాంటప్పుడు ఒక్క రేసులో ముందొచ్చినంత మాత్రాన వాళ్లే మేటి అని ఎలా చెప్పగలం?

చెప్పలేం. అందుకే పడవ పందేల్లో విజేతను ఒక్క రేసు తేల్చదు. వరసగా ఆరో, పదో, ఒక్కోసారి సీజన్ పొడుగునా ఇరవైకి పైగా రేసులు పెట్టి, అన్నిటి ఫలితాలనూ కూడి తేలుస్తారు. ఆ కూడికలో పైకి కనపడని తెలివి చాలా ఉంది.

హుస్సేన్‌సాగర్ 1562 నాటిది. 1591లో కట్టిన చార్మినార్ కన్నా, దాని చుట్టూ అల్లుకున్న పాతబస్తీ కన్నా దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. ఈ నీటి మీద సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పందేలు నడిపిస్తూ వచ్చాయి. నైరుతి రుతుపవనాలు ఊపందుకుని పడమటి గాలి గట్టిగా వీచే వానాకాలంలోనే పెద్ద పోటీలు పెడతారు: హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా. రసూల్‌పుర లాంటి బస్తీల నుంచి, సర్కారు బడుల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ నేర్చుకుని జాతీయ పోటీలదాకా వెళ్లారు. చిన్నపిల్లలు నడిపేది ఆప్టిమిస్ట్. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో గీసిన పడవ ఇది. పొడవు 2.3 మీటర్లే, మొహం మొండిగా ఉంటుంది. కాస్త ఎదిగాక లేజర్ ఎక్కుతారు. దాన్నే ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు.

ఇక లెక్క. ప్రపంచమంతటా పడవ పందేల నిబంధనల పుస్తకం ఒకటే. అందులో ఉన్న పద్ధతి పేరు లో పాయింట్. మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో స్థానానికి 2, పదిహేడో స్థానానికి 17. సీజన్ చివర ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లే విజేత. క్రికెట్‌కు అలవాటుపడ్డ కంటికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది కానీ, వచ్చిన స్థానమే పాయింటు కాబట్టి ఇంతకన్నా తేలికైన లెక్క ఉండదు.

ఆట పట్టు అంతా దీని తర్వాతి నియమంలో ఉంది. ప్రతి పడవకూ తన అతి చెడ్డ ఫలితాన్ని లెక్కలోంచి కొట్టేసే వెసులుబాటు ఇస్తారు. పడవలవాళ్లు దీన్ని డిస్కార్డ్ అంటారు. రేసులు మరీ తక్కువైతే అదీ ఉండదు. సీజన్ పొడుగైతే రెండు, మూడు, ఇంకా ఎక్కువ ఫలితాలనూ వదిలేయొచ్చు. ఎన్ని వదలాలో పోటీ మొదలవకముందే కాగితం మీద ప్రకటించి తీరాలి. గాలి మోసం చేసిన రోజు, తాడు తెగిన రోజు, జ్వరంతో వెనకబడ్డ రోజు, ఇలాంటివి ఎవరికైనా వస్తాయని ముందే ఒప్పుకున్న నియమం ఇది.

2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో భోపాల్‌లో శిక్షణ పొందిన నేహా ఠాకూర్ బాలికల ఐఎల్‌సీఏ 4 తరగతిలో రజతం గెలిచింది. పదకొండు రేసులు. మొత్తం 32 పాయింట్లు. అన్నిటికన్నా చెడ్డ ఫలితం ఒక ఐదో స్థానం. దాన్ని తీసేస్తే నికరం 27. కాంస్యం అందుకున్న సింగపూర్ అమ్మాయి నికరం 28. పదకొండు రేసుల తర్వాత ఇద్దరి మధ్యా మిగిలింది ఒక్క పాయింటు.

డిస్కార్డ్ ఏం చేస్తుందో చూడటానికి ఒక లెక్క వేద్దాం. పది పడవలు, ఆరు రేసులు, ఒక డిస్కార్డ్ అనుకోండి. ఎర్ర పడవ స్థానాలు వరసగా 1, 1, 7, 1, 2. ఆరో రేసులో దాని చుక్కాని విరిగి గమ్యం చేరలేదు. చేరని పడవకు పోటీలో నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి పాయింట్లు వేస్తారు, అంటే 11. మొత్తం 23. నీలం పడవ స్థానాలు 2, 3, 2, 3, 3, 2. ఒక్కసారీ మొదట రాలేదు, ఒక్కసారీ చెడగొట్టుకోలేదు. మొత్తం 15. డిస్కార్డ్ లేకపోతే నీలం పడవ ఎక్కడో ముందుంటుంది. డిస్కార్డ్ తీశాక ఎర్రదానికి 23లో 11 పోతే 12, నీలందానికి 15లో 3 పోతే 12. సమానం!

అప్పుడు ఇద్దరి ఫలితాలనూ, కొట్టేసినవి వదిలి, మంచి నుంచి చెడుకు పేర్చి చూస్తారు. ఎర్రది 1, 1, 1, 2, 7. నీలంది 2, 2, 2, 3, 3. మొదటి తేడా ఎవరికి అనుకూలంగా ఉంటే వాళ్లే పైన, కాబట్టి గెలుపు ఎర్రదానిది. పేర్చినా తేడా లేకపోతే చివరి రేసులో ఎవరు ముందొచ్చారో చూస్తారు.

ఇక్కడే నన్ను ఎప్పుడూ కట్టిపడేసే సంగతి ఒకటుంది. నాలుగో రేసులో ఎర్రది మొదట, నీలంది మూడోది. వాటి మధ్య రెండో స్థానంలో వచ్చిన ఏదో ఆకుపచ్చ పడవ ఎవరికో దారి ఇవ్వలేదని ఆ సాయంత్రం ఫిర్యాదు వచ్చి, అనర్హత పడిందనుకోండి. దాని వెనకున్నవాళ్లంతా ఒక్కో స్థానం పైకి జరుగుతారు. నీలందాని 3 కాస్తా 2 అవుతుంది, నికరం 11కు దిగుతుంది. ఎర్రదానికి ఏ మార్పూ లేదు, 12 పన్నెండే. కప్పు చేతులు మారింది! ఎర్ర, నీలం పడవల మధ్య నీటి మీద జరిగినదానిలో వెంట్రుకవాసి తేడా లేదు. మూడోవాళ్ల తప్పు ఇద్దరి తలరాత మార్చింది. స్థానాలను కూడే ఏ పద్ధతిలోనైనా ఈ లొసుగు ఉంటుంది. సులువైన లెక్క కోసం చెల్లించే మూల్యం ఇది.

ఈ సులువు మొదటి నుంచీ లేదు. 1948 నుంచి 1964 దాకా ఒలింపిక్స్‌లో లాగరిథమ్‌లతో పాయింట్లు వేశారు. పోటీలో 28 పడవలుంటే మొదటి స్థానానికి 1548, రెండో స్థానానికి 1247. అంటే ఆ ఒక్క మెట్టుకు 301 పాయింట్లు. తొమ్మిదికీ పదికీ మధ్య మాత్రం 46. గెలుపుకు అంత బరువు. 1968 నుంచి 1992 దాకా మరో పద్ధతి: మొదటివారికి సున్నా, తర్వాత వరసగా 3, 5.7, 8, 10, 11.7, ఏడో స్థానం నుంచి స్థానానికి ఆరు కలిపి. ఇదీ గెలిచేవాళ్లకే మొగ్గు. 1996 నుంచి ఇప్పటి తేలిక లెక్క వచ్చింది. 2008 నుంచి ఒలింపిక్స్‌లో చివరన మెడల్ రేస్ పెట్టి, దాని పాయింట్లను రెట్టింపు చేశారు. నా ఓటు తేలిక లెక్కకే. పదేళ్ల పిల్ల తన పాయింట్లు తానే కూడుకుని, తను ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి చెప్పగలగాలి. లాగరిథమ్ పట్టిక ముందేసుకుని చెప్పాల్సి వస్తే ఆ ఆట ఆమెది కాకుండా పోతుంది.

లెక్క మారితే నీటి మీద ఎత్తుగడ మారుతుంది. 1996 ఒలింపిక్స్ లేజర్ చివరి రేసులో బ్రెజిల్‌కు చెందిన రాబర్ట్ షైట్, బ్రిటన్‌కు చెందిన బెన్ ఐన్‌స్లీ ఇద్దరూ సమయానికి ముందే గీత దాటి అనర్హులయ్యారు. అప్పటికే పాయింట్లలో ముందున్న షైట్‌కు స్వర్ణం దక్కింది. నాలుగేళ్ల తర్వాత సిడ్నీలో అదే ఇద్దరు. ఈసారి ఐన్‌స్లీ రేసు గెలిచే ఊసే ఎత్తలేదు. షైట్ గాలికి అడ్డంగా నిలబడి, అతన్ని గుంపు చివరకు నెట్టుకుపోయాడు. షైట్‌కు ఇంకో చెడ్డ ఫలితాన్ని వదిలేసే వీలు లేదని ఐన్‌స్లీ ముందే లెక్కేసుకున్నాడు. స్వర్ణం అతనిదే.

క్లబ్ సీజన్‌కు వస్తే కథ కాస్త మారుతుంది. వారం వారం జరిగే రేసులకు పేరిచ్చినవాళ్లందరూ రారు. ముప్పై పడవలు నమోదై, ఒక ఆదివారం పన్నెండే వచ్చాయనుకోండి. నీటి మీదకు వచ్చి, తెరకొయ్య విరిగి వెనుదిరిగిన పడవకూ, అసలు ఒడ్డే దిగని పడవకూ ఒకటే శిక్ష వేయడం న్యాయమా? అందుకని క్లబ్ ముందే తన నోటీసులో రాసుకుంటే, వచ్చి పూర్తిచేయలేనివాళ్లకు ఆ రోజు వచ్చిన పడవల సంఖ్యకు ఒకటి కలిపి 13, రానివాళ్లకు నమోదైన సంఖ్యకు ఒకటి కలిపి 31. ఒక్క ఆదివారానికి పద్దెనిమిది పాయింట్ల తేడా. సీజన్‌లో గెలుపు వచ్చినవాళ్లదే అని ఈ నియమం కుండబద్దలు కొట్టి చెబుతుంది. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చినది ఇదే.

రకరకాల పడవలు కలిసి పోటీ పడితే స్థానాలకు ముందు కాలాన్ని సరిచేయాలి. బ్రిటన్ నుంచి వచ్చిన పోర్ట్స్‌మౌత్ పద్ధతిలో ప్రతి రకం పడవకూ ఒక అంకె ఉంటుంది. నెమ్మదైన పడవకు పెద్ద అంకె. పట్టిన సమయాన్ని వెయ్యితో హెచ్చించి, ఆ అంకెతో భాగిస్తారు. 1100 అంకె ఉన్న పడవ 44 నిమిషాల్లో వస్తే సరిచేసిన కాలం 40 నిమిషాలు. 1600 అంకె ఉన్న చిన్న పడవ గంటకు వస్తే 37 నిమిషాల 30 సెకన్లు. పావుగంట వెనక వచ్చిన చిన్న పడవకే మొదటి స్థానం!

రెండు నియమాలను ఇక్కడ చెప్పకుండా ఉండలేను. క్రీడాస్ఫూర్తిని తప్పి అనర్హుడైతే ఆ ఫలితాన్ని డిస్కార్డ్ చేయనివ్వరు. సీజన్ చివరిదాకా మోయాల్సిందే. దీనికి అవతలి కొస ఆపదలో ఉన్నవాళ్లను ఆదుకోవడం. అది ప్రతి పడవ విధి అని పుస్తకం మొదటి నియమమే చెబుతుంది. అలా ఆగినందుకు స్థానం పోతే పరిహారంగా పాయింట్లు ఇస్తారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రెండో స్థానంలో పోతున్న కెనడా నావికుడు లారెన్స్ లెమ్యూ, పడవ తిరగబడి నీళ్లలో కొట్టుకుంటున్న సింగపూర్ నావికులను చూసి దారి మళ్లాడు. వాళ్లను కాపాడి, గుంపులో ఎంతో వెనక గమ్యం చేరాడు. ఆ రేసులో అతనికి రెండో స్థానమే రాశారు.

చార్మినార్ దగ్గర సికింద్రాబాద్ బస్సెక్కితే హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ ఎంతో దూరం కాదు. బోనాల రోజుల్లో, చెరువు మీద తెల్ల తెరచాపలు కనిపించినప్పుడు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పూట వెళ్లండి. ఎవరు ముందు పోతున్నారని చూసి ఊరుకోకుండా, అంతకుముందు రేసుల ఫలితాల పట్టిక అడిగి చూడండి. ఒక్కో పడవ వరసలో చెడ్డ అంకెను మీరే కొట్టేసి, మిగిలినవి పిల్లల చేత కూడించండి. ఆ రోజు ఎవరు ఎవర్ని ఎందుకు అడ్డుకుంటున్నారో ఒడ్డు మీద నుంచే అర్థమవుతుంది.