తెల్ల గోడలు, నీలి తలుపులు: సీదీ బూ సయీద్

ఆఫ్రికా అనగానే మనలో చాలామందికి దట్టమైన అడవులు, సహారా ఎడారి గుర్తుకొస్తాయి. అదే ఖండం ఉత్తరపు అంచున, మధ్యధరా సముద్రానికి ఎదురుగా ఒక కొండ మీద ఊరంతా తెల్ల సున్నం, తలుపులకూ కిటికీలకూ నీలం రంగు. ఆ ఊరి పేరు సీదీ బూ సయీద్, దేశం ట్యునీషియా. మేము వెళ్లి చూడలేదు. అట్లాసు ముందు పెట్టుకుని, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులను మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

రాజధాని ట్యూనిస్ నుంచి ఇది సుమారు 20 కిలోమీటర్లు. ట్యూనిస్, లా గూలెత్, లా మార్సా ఊళ్లను కలిపే రైలు మార్గం 19వ శతాబ్దంలోనే పడింది. ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని టీజీఎం అంటారు. దారిలో కార్తేజ్ వస్తుంది. రోమ్‌ను గడగడలాడించిన హన్నిబాల్ పుట్టిన నగరం అదే, ఆయన పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. ఆ తర్వాత సీదీ బూ సయీద్‌లో దిగి, రాళ్లు పరిచిన వీధి వెంట కొండ ఎక్కాలి.

'సీదీ' అంటే స్వామి వంటి గౌరవ పదం. అబూ సయీద్ అల్ బాజీ అనే సూఫీ గురువు 1231లో మరణించగా ఈ కొండ మీదే సమాధి చేశారు. ఆ దర్గా చుట్టూ పెరిగిన ఊరికి ఆయన పేరే నిలిచింది. మన దగ్గర ఉరుసు జరిగినట్టే అక్కడా వేసవిలో భక్తి గీతాలు పాడుతూ ఊరేగింపు తీస్తారు. 2011 విప్లవం తర్వాత దేశంలో సూఫీ దర్గాలపై దాడులు జరిగాయి. 2013 జనవరిలో ఈ దర్గా కూడా మంటల్లో చిక్కుకుంది. ఫొటోల్లో అందంగా కనిపించే ఊరు ఇలాంటి రోజులు కూడా చూసిందని మాలో ఎవరికీ తెలియదు. తర్వాత దర్గాను బాగుచేశారు.

ఇక రంగుల సంగతి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది కనుక ఇల్లు చల్లగా ఉంటుంది. సున్నంలో కాస్త నీలిమందు కలిపే మన పెద్దవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. కిటికీలకు చెక్క జాలీలుంటాయి. లోపలికి గాలి వస్తుంది, లోపలివారు వీధిని చూడగలరు, వీధిలోని వారికి మాత్రం లోపలివారు కనపడరు. తలుపుల మీద నల్లని మేకులతో నక్షత్రాలు, చంద్రవంకలు దిద్దుతారు.

అయితే ఊరు ఇంత ఒకే తీరుగా ఉండటం దానంతటదే జరగలేదు. బ్యాంకర్ల కుటుంబంలో పుట్టిన రుడాల్ఫ్ దెర్లాంజే అనే చిత్రకారుడు ఇక్కడ స్థిరపడి పెద్ద భవనం కట్టించుకున్నాడు. ఊరి రూపం చెడిపోకూడదని ఆయన పట్టుబట్టగా 1915లో రక్షణ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు దేశం ఫ్రెంచి వారి చేతిలో ఉంది. ఆ నీలం వెనుక కూడా ఆయన అభిరుచే ఉందని చెబుతారు. అరబ్బీ సంగీతం మీద ఆరు సంపుటాల గ్రంథం తలపెట్టినవాడు కూడా ఆయనే. 1932లో మరణించాడు. ఆ భవనం ఇప్పుడు సంగీత కేంద్రం.

దొరగారి పేరు అన్ని పుస్తకాల్లోనూ ఉంది. కాని ఉప్పుగాలికి పెచ్చులూడే గోడకు మళ్లీ మళ్లీ సున్నం కొట్టేది ఆ ఇంటివాళ్లు. తమ తలుపుకు ఇష్టమైన రంగు వేసుకునే స్వేచ్ఛ వదులుకున్నదీ వాళ్లే. వాళ్ల పేర్లు మాకు ఎక్కడా కనిపించలేదు. మా దృష్టిలో సగం ఘనత, ఇంకా చెప్పాలంటే సగానికి పైనే, వాళ్లది.

1914 ఏప్రిల్‌లో చిత్రకారులు పాల్ క్లే, ఆగస్ట్ మాకె ట్యునీషియా వచ్చి ఈ ఊరినీ చూశారు. మాకె ఇక్కడి కాఫీ హోటల్‌ను బొమ్మగా వేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 27. చాపలు పరిచి ఉండే ఆ హోటల్ మెట్లెక్కితే పుదీనా టీ ఇస్తారు.

ఎవరైనా వెళ్తే వసంతంలో, పొద్దున్నే వెళ్లడం మేలు. వేసవి మధ్యాహ్నాల్లో పర్యాటకులతో వీధి కిక్కిరిసిపోతుంది. తెలుపు, నీలం తీగెలతో అల్లిన పక్షి పంజరాలు అక్కడి ప్రత్యేకత. బంబలూని అనేది మన గారెలాగే మధ్యలో చిల్లున్న పిండివంట. కాకపోతే గోధుమపిండితో చేసి, నూనెలో వేయించి, పైన పంచదార చల్లుతారు. వేడిగా ఉండగానే తినాలట.