ఆర్మూరు దారిలో అర్ధరాత్రి అన్నం

ఆర్మూరు: పొద్దుగూకితే పల్లెలో తలుపులు పడతాయి. కాని ఆర్మూరు రహదారికి రాత్రి లేదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ వైపు సాగే 63వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. 2010లో నంబర్లు మార్చక ముందు వీటినే 7, 16 అనేవారు.

ఈ దారిన దేశమంతా నడుస్తుంది. ఉత్తరాది లారీ డ్రైవరుకు రొట్టె, పప్పు కావాలి. తమిళ డ్రైవరుకు అన్నం, చారు లేనిదే తిన్నట్టుండదు. అందరికీ అర్ధరాత్రి దిక్కు దాబాయే. నులక మంచం, కాలే తందూరు పొయ్యి, గ్లాసెడు చాయ్ ఉంటే చాలు, అలసట సగం తీరుతుంది.

అంకాపూర్ కోడికూర

ఆర్మూరు నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలోనే అంకాపూర్ ఉంది. విత్తన పంటలకు పేరుపడిన ఈ ఊరు ఇప్పుడు నాటుకోడి కూరకూ పేరు తెచ్చుకుంది. ఇక్కడ ప్లేటు లెక్క కాదు, కోడి లెక్క. ముందుగా చెబితే కోసి, వండి, అన్నంతో సహా కట్టి ఇస్తారు. హైదరాబాద్ వాళ్లూ తెప్పించుకుంటున్నారు. నాటుకోడి ఉడకడానికి సమయం పడుతుంది కనుక, రాత్రి భోజనానికి పొద్దుండగానే చెప్పి ఉంచుకోవడం మేలు. రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు తినకుండా సాగిపోయే బాటసారులు తక్కువ.

సీసా జోలికి పోవద్దు

భోజనం పక్కన సీసా చేరితే ప్రయాణం ప్రాణాల మీదికి వస్తుంది. రహదారుల పక్కన మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. తాగి బండి నడిపితే మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. లైట్లు ఆర్పి లారీని రోడ్డు మీదే ఆపి తిండికి దిగడమూ అంతే ప్రమాదం. వెనుక మోటారు సైకిలుపై వచ్చేది మన ఊరివాడే కావచ్చు.

రైతుకు సద్దిమూటే

రొట్టెలోకి పప్పయినా, అన్నంలోకి చారయినా, అంకాపూర్ కోడికూరయినా పసుపు పడనిదే రంగు రాదు. ఆ పసుపు పండించిన రైతు మాత్రం, సీజనులో నిజామాబాద్ యార్డులో కుప్ప పక్కనే కాపలా పడుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దిమూట విప్పుకుంటాడు. ధర ఎంత పలుకుతుందో తెల్లవారితే గాని తెలియదు. ఊళ్లు దాటి వచ్చినవారికి అర్ధరాత్రి వేడి అన్నం పెట్టే ఈ దారిలో, ఆ రాత్రి రైతుకూ అందుబాటు ధరలో ఒక వేడి ముద్ద దొరకాలి.