డేరా కింద వ్యాయామశాల

వెనుకటి తరంలో, మన్యపు కొండలకు ముఖద్వారమైన నర్సీపట్నం వంటి పట్టణానికి సర్కసు వచ్చినదంటే ఆ వార్తను ఇల్లిల్లూ తిరిగి చాటవలసిన అవసరం ఉండేది కాదు. చీకటి పడగానే ఊరి చివరి మైదానం నుండి ఒక వెలుతురు స్తంభం లేచి ఆకాశంలో గిరగిర తిరిగేది. చుట్టుపట్ల పల్లెలలో అరుగులమీద కూర్చున్న వారికి అదే ఆహ్వాన పత్రిక. మరునాడు సాయంకాలానికి బండ్లు కట్టుకొని కొందరు, కాలినడకను కొందరు, పిల్లలను భుజాల కెత్తుకొని కొందరు డేరా వద్దకు చేరుకొనేవారు. నేల టిక్కెట్టు కొన్నవాడు, కుర్చీ టిక్కెట్టు కొన్నవాడు ఒకే కప్పు కింద కూర్చొని, ఒకే క్షణంలో ఊపిరి బిగపట్టే చోటు ఊరిలో మరొకటి ఉండేది కాదు.

ఆ డేరా మధ్యనున్న వలయాన్ని చూచినవారు చాలమందే కాని, దాని కొలతను గురించి ఆలోచించినవారు తక్కువ. 1768లో లండనులో ఫిలిప్ ఆస్ట్లీ అనే రౌతు గుర్రపు సవారీ ప్రదర్శనలు ప్రారంభించినాడు. తిన్నని దారిలోకంటె వృత్తాకారంలో పరుగెత్తే గుర్రం వీపుమీద నిలబడుట సులభమని ఆయన గ్రహించినాడు. గుర్రం వలయంలో తిరుగునప్పుడు సవారు లోపలివైపునకు ఒరుగుతాడు. ఆ ఒరుగుదలయే అతనికి నిలకడ. అనుభవంమీద ఆయన నిశ్చయించిన 42 అడుగుల వ్యాసమే తరువాత లోకమంతటా సర్కసు వలయానికి ప్రమాణమైనది. పాఠశాలలో వర్తుల చలనాన్ని బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఊయల ఆట మరొక పాఠం. ఊయల ఒక లోలకం. లోలకం ఊగే కాలం దాని పొడవునుబట్టి ఉంటుందే కాని, దానికి వేలాడే బరువునుబట్టి ఉండదు. అందువలననే బలిష్ఠుడైన పురుషుడును, సన్నని యువతియు ఎదురెదురు ఊయలలమీద ఒకే లయలో ఊగగలుగుతారు. పట్టుకొనేవాడు తలక్రిందులుగా వేలాడుతూ చేతులు చాచిన ఆ రెప్పపాటులోనే ఎగిరినవారు అక్కడ ఉండవలెను. కింద వల ఉన్నదికదా అని ప్రేక్షకుడు ధైర్యపడవచ్చును. కాని వలలో పడుట కూడ నేర్వవలసిన విద్యయే. పడరాని తీరున పడినవానికి వలలోనూ ఎముక విరుగుతుంది. తీగమీద నడిచేవారు చేతిలో పట్టుకొనే పొడవైన కర్ర అలంకారం కాదు. దేహం ఒక ప్రక్కకు ఒరగబోయినప్పుడు ఆ ఒరుగుదలను నెమ్మది చేసి, సర్దుకొనడానికి అది వ్యవధి నిస్తుంది.

ఇక జోకరు. అతడు జారి పడినప్పుడు పిల్లలు విరగబడి నవ్వుతారు. ఆ నవ్వుల చాటున కూలీలు వలను దించి, స్తంభాలు మార్చి, తరువాతి ఆటకు రంగం సిద్ధం చేస్తారు. పడినట్లు నటించుటకు పడకుండ నిలువగల నేర్పు కావలెను. కనుక సాధారణంగా జోకరు తక్కువ విద్య తెలిసినవాడు కాడు. పలు విద్యలు తెలిసినవాడు.

ఈ విద్యలు మనకు విదేశాలనుండి వచ్చినవేనా? డేరా, టిక్కెట్టు, బ్యాండు మేళం అక్కడివి కావచ్చును. గడ నెక్కి గాలిలో పల్టీలు కొట్టడం, తాడుమీద నడవడం తెలుగు పల్లెలకు దొమ్మరాట రూపంలో ఏనాటినుండియో తెలుసును. డప్పు మోత తప్ప వేరే ఆర్భాటం లేక, వల అనేది ఎరుగక, ఊరి నడుమ ప్రాణాన్ని పణంగా పెట్టిన ఆ కళాకారులకు దక్కినది గంపెడు గింజలు, గంపెడు చిన్నచూపు.

భారతీయుల తొలి సర్కసును 1880 మార్చి 20న బొంబాయిలో ప్రదర్శించినవాడు విష్ణుపంత్ ఛత్రే. ఆయన కురుంద్వాడు సంస్థానంలో అశ్వశిక్షకుడు. కేరళలోని తలశ్శేరి ప్రాంతంలో 1901లో సర్కసు పాఠశాలను నెలకొల్పిన కీలేరి కుంఞికణ్ణన్ కసరత్తులు నేర్పిన గురువు. మన కోడి రామమూర్తినాయుడుగారు సాక్షాత్తు బడిలో వ్యాయామోపాధ్యాయులు. భారతదేశపు సర్కసుకు పునాది వేసినవారిలో ఇంతమంది శిక్షకులుండుట కాకతాళీయం కాదు.

రామమూర్తిగారు వీరఘట్టంలో జన్మించి, విజయనగరంలో పెరిగినారు. మద్రాసు సమీపాన సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, తాము చదివిన విజయనగరపు పాఠశాలలోనే పిల్లలకు కసరత్తులు నేర్పినారు. తరువాత మిత్రుడు పొట్టి పంతులు ప్రోత్సాహంతో, తుని రాజావారి సహాయంతో సర్కసు స్థాపించినారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి పూరించి తెంచడం, రెండు భుజాలకు కట్టిన మోటారుకార్లను కదలనీయకుండ నిలువరించడం ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధమైనవి. జనులు ఆయనను కలియుగ భీముడన్నారు. శ్వాసను, మనస్సును నిగ్రహించుటయే తమ బలానికి మూలమని ఆయన నమ్మినారు. చివరి రోజులలో ఒక కాలు పోగొట్టుకొని, 1942 జనవరి 16న ఒరిస్సాలోని బలంగీరులో కన్నుమూసినారు. విశాఖపట్నం సముద్రతీరాన ఆయన విగ్రహం ఉన్నది.

ఆ మహాబలుడు ఏనుగును ఎదమీద నిలుపుకొన్నారని మెచ్చుకొన్న జనం, ఆ ఏనుగుకు అక్కడ నిలబడుట ఇష్టమా అని అడగలేదు. నిప్పు వలయంలోనుండి పులి దూకినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులు, దానిని దూకించినది కొరడా భయమని తలపోయలేదు. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ఆడించరాదని ఉత్తర్వు చేసినది. 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 2011లో అదే న్యాయస్థానం సర్కసులలో బాలబాలికలను నియమించుటను నిషేధించినది. అయిదవ తరగతి బల్లమీద కూర్చుండవలసిన పిల్ల అర్ధరాత్రి ఆటవరకు తీగమీద నిలువరాదని చెప్పుటకు స్వాతంత్ర్యం వచ్చి అరువది సంవత్సరాలు దాటవలసి వచ్చినది.

ఈ నిషేధాలవలన సర్కసు చచ్చినదని వగచేవారున్నారు. అనేక కంపెనీలు మూతపడుటయు, కళాకారులు వేరు పనులు వెదకికొనుటయు నిజమే. వారి బాధ చిన్నది కాదు; చిన్ననాటినుండి ఈ విద్య తప్ప వేరొకటి నేర్వనివానికి నడివయస్సులో కొత్త బ్రతుకు దొరకుట కష్టం. ఐనను బోను, కొరడా పోయిన తరువాత వలయంలో మిగిలినది ఏది? సంవత్సరాల సాధనచేత వశమైన మానవదేహం. రామమూర్తిగారు బడి ఆవరణనుండి డేరాలోకి తీసికొనిపోయినది దానినే.

ఆ సాధనకు తొలి మెట్టు నేటికిని పాఠశాలయే. లెక్కల పాఠం వెనుకబడినప్పుడు, పరీక్షలు దగ్గరపడినప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేది డ్రిల్లు గంట. గొలుసులు తెంచగలవారు అందరు పిల్లలు కానక్కరలేదు. నిటారుగా నిలబడుట, నిండుగా ఊపిరి పీల్చుట, పడితే దెబ్బ తగులకుండ పడి మరల లేచుట ప్రతి పిల్లవానికి రావలెను. వారానికి ఆ రెండు మూడు గంటలను మరొక పాఠానికి అరువివ్వకుండ కాపాడుట ప్రధానోపాధ్యాయుల చేతిలోని పని.