పవర్ పెంచిన 4×4కి ఏ ట్రాన్స్‌ఫర్ కేస్? హార్స్‌పవర్ కాదు, ముందు ఈ లెక్క చూడండి

మహబూబాబాద్‌లో ఉండే మా ఫ్రెండ్ దగ్గర థార్ డీజిల్ మాన్యువల్ ఉంది. కంపెనీ లెక్కలో 130 బీహెచ్‌పీ, 300 న్యూటన్ మీటర్ల టార్క్. రీమ్యాప్ చేయించి టార్క్‌ని 420కి తీసుకెళ్లాలి, విదేశం నుంచి 4:1 ట్రాన్స్‌ఫర్ కేస్ తెప్పించాలి, ఇదీ వాడి ప్లాన్. "నువ్వు సాఫ్ట్‌వేరోనివి కదా, స్పెక్స్ జర చూసి చెప్పురా" అన్నాడు. అడ్వాన్స్ కట్టే ముందు ఇద్దరం కూర్చొని లెక్కేశాం. అదే మీకూ చెప్తున్నా.

అసలు ఇదేం చేస్తుంది?

గేర్‌బాక్స్ వెనకాల ఉండే ఈ డబ్బా ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచుతుంది. థార్‌లో చిన్న లివర్ మీద 2హెచ్, 4హెచ్, ఎన్, 4ఎల్ అని ఉంటాయి కదా, అది దీనిదే. 4ఎల్‌లో పెడితే లోపలి గేర్లు వేగాన్ని తగ్గించి టార్క్‌ని పెంచుతాయి. థార్‌లో ఈ లో రేషియో 2.48, జిమ్నీలో దాదాపు 2.

హార్స్‌పవర్ చూసి ఎందుకు కొనకూడదు?

ఛార్జర్ 120 వాట్స్‌ది అయినా కేబుల్ పాతదైతే ఫోన్ స్లోగా ఎక్కుతుంది, అంతే. ఇక్కడ అలా కాదు, కేబులే తెగిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని విరగ్గొట్టేది దాని లోపలికి వచ్చే టార్క్. అది ఇంజిన్ టార్క్ కాదు, దాన్ని ఫస్ట్ గేర్ రేషియోతో గుణిస్తే వచ్చేది.

లెక్క ఈజీగా ఉండాలని ఫస్ట్ గేర్ 4:1 అనుకుందాం. స్టాక్ ఇంజిన్‌తో 300 × 4 = 1200. రీమ్యాప్ తర్వాత 420 × 4 = 1680. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ దీన్ని ఇంకా పెంచుతుంది. కాబట్టి ఏ కేస్ కొన్నా, సెల్లర్‌ని అడగాల్సింది "ఎన్ని హెచ్‌పీ తట్టుకుంటుంది?" అని కాదు, "ఇన్‌పుట్ టార్క్ రేటింగ్ ఎంత?" అని.

చైనా, గేరా?

చాలా కేసుల్లో ముందు చక్రాలకు శక్తి చైన్ ద్వారా వెళ్తుంది. తేలిక, సౌండ్ తక్కువ. కానీ గాల్లో తిరుగుతున్న టైరు ఒక్కసారిగా రాయి మీద పట్టు దొరికించుకుంటే వచ్చే ఝట్కాకి చైన్ సాగుతుంది, దాటుతుంది. అమెరికన్ ట్రక్కుల్లో వాడిన ఎన్‌పీ205 లాంటివి పూర్తిగా గేర్లతో, పోత ఇనుప బాడీతో వస్తాయి. గట్టివే, కానీ బరువు, రొద ఎక్కువ. అట్లాస్ లాంటి ఆఫ్టర్‌మార్కెట్ కేసుల్లో 5:1 వరకు రేషియో ఎంచుకోవచ్చు.

4:1 మన దగ్గర పనికొస్తుందా?

మావోడు తిరిగేది ఎక్కడ? జనగామ వైపు ఎర్ర చెల్కలు, వానాకాలం భూపాలపల్లి, మహాదేవపూర్ అడవి దారులు, నల్లరేగడి బురద. రాళ్ల గుట్టల మీద పాకడం చాలా తక్కువ. యాక్సిల్ రేషియో కూడా 4 అనుకుంటే, 255/65 ఆర్18 టైర్లతో, 2000 ఆర్‌పీఎం దగ్గర ఫస్ట్ గేర్‌లో 2.48 రేషియో గంటకు సుమారు 7.5 కిలోమీటర్లు ఇస్తుంది. 4:1 అయితే 4.6. బురదలో టైరు మట్టిని విదిల్చుకోవాలంటే చక్రం వేగంగా తిరగాలి. "సెకండ్, థర్డ్ వేసుకుంటా" అన్నాడు. మరి అట్లైతే 4:1కి డబ్బులెందుకు రా?

కొనే ముందు ఇవి చూడండి

గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్ల సంఖ్య, బోల్టుల వరస, ముందు షాఫ్ట్ ఏ పక్కకు వస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, స్పీడ్ సెన్సార్. ఒక్కటి తప్పినా అడాప్టర్ ఖర్చు కేస్ ధరతో పోటీ పడుతుంది. ఇంకోటి, కేస్ గట్టిదైతే సమస్య పోదు, పక్కకు జరుగుతుంది: తర్వాత విరిగేది యూనివర్సల్ జాయింటో, యాక్సిలో.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ రెండూ రిస్క్‌లో పడతాయి.

నా మాట

రోజూ రోడ్డు మీద, అప్పుడప్పుడు బురదలో తిరిగే బండికి స్టాక్ ఇంజిన్, స్టాక్ కేస్ చాలు. ప్రైవేట్ ట్రాక్ మీద మాత్రమే నడిపే బిల్డ్ అయితేనే గేర్ డ్రైవ్ కేస్ ఆలోచించండి, దాంతోపాటు షాఫ్టులు, యాక్సిళ్ల బడ్జెట్ కూడా పెట్టుకోండి. ఏ కేస్ అయినా ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్, 4ఎల్ వాడొద్దు. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి, ఆ బిగువంతా కేస్ మీదే పడుతుంది. వాగు దాటాక ఆయిల్ చెక్ చేయండి. పాల చాయ్ రంగులోకి మారితే లోపలికి నీళ్లు పోయినట్టే.

మావోడు అడ్వాన్స్ కట్టలేదు. మంచి మడ్ టైర్లు, ఒక రికవరీ స్ట్రాప్ కొన్నాడు.