చిన్న పొట్లములోని శాస్త్రము

కార్తికము దాటిన దినములలో ఓరుగల్లు నగరమందలి కాశిబుగ్గలో నిలిచి చూచిన, ప్రత్తి నింపుకొని ఎనుమాముల మార్కెట్టునకు పోవు వాహనముల వరుస కనుపించును. బాట ప్రక్కన రాలిన దూదిపింజలు గాలికి లేచి టీ దుకాణములలోనికి వచ్చుచుండును. అట్టి దుకాణమొకదానిలో, కాంటాకు తన వంతు వచ్చువరకు వేచియున్న ఒక వృద్ధ కర్షకుని నేనొకమారు ప్రశ్నించితిని.

"పెద్దయ్యా, మునుపు ప్రత్తి విత్తనంతో పాటు ఇంకో చిన్న పొట్లం ఇచ్చేవారు గదా, దాన్ని ఏం చేసేవారు?"

"ఏం జేస్తం సారూ, పారేసేటోళ్లం. అవి మొలిస్తే పురుగు పడతదని దుకాణపాయన చెప్పిండు. పురుగును పిలిచి అన్నం బెట్టుకుంటమా?"

నాకు నవ్వు వచ్చినది; వెంటనే సిగ్గు కలిగినది. అతడన్నదానిలో తప్పు లేదు. పురుగునకు అన్నము పెట్టుటకే ఆ పొట్లము ఉద్దేశింపబడినది! ఎందుకు పెట్టవలెనో మాత్రము అతనికెవ్వరును చెప్పలేదు.

మన దేశమున బీటీ ప్రత్తి సాగునకు 2002లో అనుమతి లభించినది. నేలలో నివసించు ఒక సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలో చేర్చగా, ఆ మొక్కను తిన్న కాయతొలుచు పురుగు చచ్చును. 450 గ్రాముల బీటీ విత్తనముతో 120 గ్రాముల సాధారణ విత్తనమును వేరు పొట్లముగా కట్టి ఇచ్చెడివారు. దానిని చేని చుట్టును విత్తవలెను. కారణమిది. కోట్లకొలది పురుగులలో విషమునకు లొంగనివి ఏ కొన్నియో ఉండును. చేనంతయు బీటీయే అయిన, బ్రతికి బయటపడిన ఆ కొన్నియే తమలో తాము జతకూడి లొంగని సంతతినే కనును. చుట్టును సాధారణ ప్రత్తి ఉన్నచో, దానిపై పెరిగిన అసంఖ్యాకములైన రెక్కపురుగులు వచ్చి ఆ కొన్నింటితో జతకూడును. అట్లు పుట్టిన సంతతిలో చాల భాగము మరల విషమునకు లొంగును. శత్రువునకు కొంత మేత వేసి, వాని బలమును పెరుగనీయకుండు ఉపాయమన్నమాట.

ఉపాయము పారలేదు. గులాబీరంగు పురుగు ఆ విషమును జయించినట్లు మొదట గుజరాతున, పిమ్మట ఇతర రాష్ట్రములలో, తెలంగాణమున కూడ పరిశోధకులు గుర్తించిరి. పొట్లమును పారవేయుట ఒక్కటే దీనికి కారణము కాదు. పంటను వేసవి వరకు పొడిగించుట మొదలగునవియు కలవు. ఇటీవల రెండు విత్తనములను ఒకే సంచిలో కలిపి అమ్ము పద్ధతి వచ్చినది. పాఠము చెప్పుటకంటె సంచి కుట్టుట సులభమని తోచినది కాబోలు.

పురుగు సంగతి కీటకశాస్త్రజ్ఞుడెరుగును. సంతతి లెక్క జన్యుశాస్త్రజ్ఞుడెరుగును. అప్పు తెచ్చి కౌలునకు పట్టిన రెండెకరములలో కొంత నేలను పురుగునకు విడువుమన్న ఎవడు విడుచునన్నది అర్థశాస్త్రజ్ఞుని ప్రశ్న. దుకాణదారుని మాట పండితుని మాటకంటె ఊరిలో ఎందుకు చెల్లుననునది మానవశాస్త్రజ్ఞుని ప్రశ్న. విశ్వవిద్యాలయమున ఈ నలుగురికిని నాలుగు వేర్వేరు భవనములు.

ఇవి పండితుల వినోదమునకైన ప్రశ్నలు కావు. 1997-98లో ఇదే జిల్లాలో లద్దెపురుగు ప్రత్తిని నాశనము చేయగా, ఎందరో రైతులు అప్పుల పాలై ప్రాణములు తీసికొనిరి. అటుపిమ్మట కొలది సంవత్సరములకు, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన గ్లెన్ డేవిస్ స్టోన్ అను మానవశాస్త్రజ్ఞుడు ఈ జిల్లా గ్రామములకు వచ్చి, రైతులు విత్తనమును ఎన్నుకొను తీరును పరిశీలించెను. ఆయన వ్యాసము 2007లో 'కరెంట్ ఆంత్రొపాలజీ' అను పత్రికలో వెలువడినది. ఒక ఊరంతయు ఒక విత్తనముపై విరుచుకొని పడును. ప్రక్క ఊరు మరొకదానిపై పడును. కొన్నాళ్ళకు దానిని మాని వేరొకటి. ఎక్కువ పండుననుటకు ఆధారమేదియు లేదు. పొరుగువాడు వేసెను గనుక వేయుట. సంచులపై పేర్లు ఏటేట మారుచుండగా, పరీక్షించి నేర్చుకొను అవకాశమే రైతునకు లేక, వ్యవసాయ నైపుణ్యము క్షీణించుచున్నదని ఆయన సిద్ధాంతము. రైతు తెలివి తక్కువవాడని ఆయన అనలేదు. తెలివి పెరుగుటకు తావు లేకపోయినదనెను. ఈ భేదమును ఉపాధ్యాయులు ఇట్టె గ్రహింతురు. తరగతి తరగతికి పాఠ్యపుస్తకము నడి సంవత్సరమున మారిన ఏ బాలుడు నేర్చుకొనగలడు?

ఆ పత్రికలో వ్యాసము వెంట ఇతర పండితుల విమర్శలను, రచయిత సమాధానమును ముద్రించుట ఆచారము. మంచి ఆచారమే. కాని చర్చ మన జిల్లా రైతును గూర్చినది; జరిగినది ఆంగ్లమున, సముద్రముల కావల.

ఒకప్పుడు మనవారు వేరొక విధముగా తలచిరి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించునాటికి తెలుగునేలపై విశ్వవిద్యాలయము ఒక్కటియు లేదు. ఉస్మానియా 1918 నాటిది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 నాటిది. అయినను చరిత్రను, జీవశాస్త్రమును, రసాయనశాస్త్రమును తెలుగున అచ్చువేసి ఇల్లిల్లు చేర్ప యత్నించిరి. లక్ష్మణరావుగారు తలపెట్టిన విజ్ఞానసర్వస్వము అకారము దాటకమునుపే 1923లో ఆయన గతించిరి. ఈనాడు ఓరుగంటనే 1959 నాటి ఇంజనీరింగు కళాశాల, వైద్యకళాశాల, 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయము, వ్యవసాయ పరిశోధనాస్థానము కలవు. ప్రతి సిద్ధాంతవ్యాసమునకును, కాశిబుగ్గలో తొమ్మిదవ తరగతి చదువు బాలునకు బోధపడునట్టి నాలుగు పుటల తెలుగు సంగ్రహమును జతపరుపుమని ఏల కోరరాదు? వ్రాయుట కష్టమే. వ్రాయలేక ఆగిన చోటనే, తనకు తెలియనిదేదో పరిశోధకునకు తెలియవచ్చును.

ఉపాధ్యాయులు ఆ సంగ్రహము కొరకు వేచియుండనక్కరలేదు. గులాబీరంగు పురుగు చొచ్చిన రంధ్రము పూడిపోవును. కాయ వెలుపల నవనవలాడుచునే ఉండును. చేనిలో అక్కడక్కడ ఇరువది పచ్చికాయలు కోసి పగులగొట్టి చూడవలెను. రెండింట పురుగు కనుపించిన, మందు చల్లు వేళ వచ్చినదని శాస్త్రజ్ఞుల లెక్క. అది నూటికి పది. శాతములు నేర్చిన ఏ విద్యార్థియైనను వేయగల లెక్క.

ఆ వృద్ధునకు పొట్లము సంగతియు, ఈ కాయల లెక్కయు చెప్పితిని. గ్లాసులోని టీ చల్లారినది. అతడు చాలసేపు మాటాడలేదు. కాంటా వద్దనుండి పిలుపు రాగా లేచుచు అనెను:

"మా మనుమడు బళ్లె తొమ్మిది చదువుతుండు సారూ. గీ లెక్క గానికి జెప్పుండ్రి. పురుగు సన్నగుంటది, నాకు కండ్లు సక్కగ ఆనుతలేవు."